రాయి గెలిపించిన ఉద్యమం ఏది?

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద నుంచి బార్కస్ దాకా ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా, రాజకీయం మాట్లాడే పాతికేళ్ల కుర్రాళ్ల నోట ఇప్పుడు ఒకటే మాట. "నెమ్మదిగా అడిగితే ఎవడింటడన్నా? నాలుగు బస్సులు కాలితేనే ఢిల్లీకి పొగ కనబడతది." ఇది పాతబస్తీ మాట మాత్రమే కాదు. యూనివర్సిటీ హాస్టళ్లలో ఇదే మాట, కోస్తా జిల్లాల టీ కొట్ల దగ్గరా ఇదే మాట. సాక్ష్యాలు కూడా సిద్ధంగా ఉంటాయి. పొట్టి శ్రీరాములు చనిపోయి, ఊళ్లు భగ్గుమన్నాకే గదా నెహ్రూ దిగొచ్చింది? ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలాకే గదా తెలంగాణ సెగ ఢిల్లీకి తగిలింది? మొన్న ఢాకాలో, నిన్న కాఠ్‌మాండూలో ఏం జరిగిందో చూడలేదా? పౌరసత్వ చట్టం మీద అంతమంది జెండాలు పట్టుకుని బుద్ధిగా నడిస్తే చివరికి ఏం ఒరిగింది?

ఈ వాదన తప్పు. నీతిపాఠం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. వాళ్లు చూపించే చరిత్రే వాళ్ల మాటను నిలబెట్టదు. పైగా చాంద్రాయణగుట్ట లాంటి చోట ఈ మాట నమ్మినవాళ్లు చెల్లించే మూల్యం, చెప్పినవాళ్లు చెల్లించేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

నేను ఎటువైపున్నానో ముందే చెప్పాలి. పాతబస్తీలో పదిమంది గుమిగూడగానే అల్లరిమూక అని రాసేసే టీవీ స్క్రోలింగుల పక్షాన నేను లేను. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన రోజే, పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకెళ్లి హింసించారు. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. ప్రభుత్వం 70 మందికి కలిపి 70 లక్షల రూపాయల పరిహారం ఇస్తే, అది చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. ఇంత చూసిన వాడలో పుట్టిన కుర్రాడికి కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఆ కోపం చేతికి రాయి అందించి ముందుకు తోసేవాళ్లతోనే నా తగాదా.

ముందు ట్యాంక్‌బండ్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది ఎత్తి చూపేది దాన్నే. మిలియన్ మార్చ్ జరిగింది 2011 మార్చి 10న. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించింది 2009 డిసెంబర్ 9న. అంటే ఒక్క విగ్రహం కూడా కూలకముందు, పదిహేను నెలల ముందు. ఆ డిసెంబర్ రోజుల్లో బస్సులు కాలలేదని, రాళ్లు పడలేదని నేననను. కానీ ఢిల్లీని కదిలించినవి పదకొండు రోజుల నిరాహార దీక్ష, ఉస్మానియాలో పోటెత్తిన విద్యార్థులు, అసెంబ్లీ ముట్టడికి ఊరూరా మొదలైన కదలిక, అఖిలపక్షంలో అన్ని పార్టీలూ తలూపక తప్పని పరిస్థితి. మరి విగ్రహాలు కూలిన రోజు ఏమైంది? ఈజిప్టు తహ్రీర్ చౌక్‌ను తలపించేలా జనాన్ని కదిలించాలని తెలంగాణ జేఏసీ పిలుపిస్తే, ప్రభుత్వం ఎక్కడికక్కడ అరెస్టులు చేసి, దారులు మూసేసింది. అన్ని అడ్డంకులూ దాటుకుని వేలమంది ట్యాంక్‌బండ్ చేరారు. అది గొప్ప విజయం. మర్నాడు పేపర్లలో కనబడాల్సింది ఆ విజయమే. కనబడింది మాత్రం శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య, క్షేత్రయ్య విగ్రహాల ముక్కలు. అంటరానితనం మీద జీవితమంతా కలం దూసిన జాషువా తెలంగాణకు ఏం ద్రోహం చేశాడు? వారాల తరబడి ఉద్యమ నాయకులు అడిగేవాళ్లుగా కాక, సంజాయిషీ ఇచ్చుకునేవాళ్లుగా మిగిలారు. ప్రభుత్వం విరిచిన మాట గురించి అడగాల్సిన రోజుల్లో, విరిగిన రాళ్ల గురించి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబర్ 13న సకలజనుల సమ్మె మొదలైంది. నలభై రెండు రోజులు సాగింది. సింగరేణి కార్మికులు గనుల్లోకి దిగలేదు. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. బడిపంతుళ్లు బడికి పోలేదు, గుమాస్తాలు ఫైలు తెరవలేదు, వకీళ్లు కోర్టు మెట్లెక్కలేదు. బొగ్గు లేక కరెంటు కోతలు రాష్ట్రమంతటా పాకాయి. ఎవరి తలా పగలకుండానే పాలన చేతులు కట్టేసినట్లయింది. సింగరేణి కార్మికుడు తట్ట కింద పెడితే హైదరాబాదులో ఫ్యాను ఆగిపోతుందని సచివాలయానికి అర్థమైంది. ఆ సమ్మె వల్ల మర్నాడే రాష్ట్రం రాలేదు, నిజమే. కానీ ఆ తర్వాత తెలంగాణలో ఓట్లడగాలనుకున్న ఏ పార్టీ కూడా పక్కకు తప్పుకోలేకపోయింది. ట్యాంక్‌బండ్ మీద సుత్తి దెబ్బలను తలచుకుని ఉప్పొంగేవాళ్లు, జీతాలు పోగొట్టుకుని నలభై రెండు రోజులు నిలబడ్డ లక్షలమందిని మరిచిపోతున్నారు. నా దృష్టిలో అది కృతఘ్నత.

1952 సంగతి ఇంకా సూటిగా మాట్లాడాలి. శ్రీరాములు 58 రోజుల దీక్ష తర్వాత డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. ఆంధ్ర జిల్లాలు అట్టుడికాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. అల్లర్లు ఆ ప్రకటనను తొందరపెట్టాయన్నది ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ అల్లర్లు తెచ్చిందేమిటి? మద్రాసు నగరం మీద పట్టు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చని నెహ్రూ, పటేల్, పట్టాభిల కమిటీ 1949లోనే చెప్పింది. 1953 అక్టోబర్ 1న ఏర్పడింది సరిగ్గా అదే రాష్ట్రం, మద్రాసు లేని రాష్ట్రం. కాలిన ఆస్తులు కేంద్రం గీసిన గీతను ఒక్క అంగుళం కూడా జరపలేదు. ఆంధ్రులందరూ, చివరికి కాంగ్రెస్ వాళ్లు కూడా, ఏళ్ల తరబడి ఒక్క గొంతుతో అడిగినందుకే రాష్ట్రం వచ్చింది. ఒక మనిషి తన ప్రాణం పెట్టినందుకు త్వరగా వచ్చింది.

ఇక ఈ మధ్యదే సికింద్రాబాద్. 2022 జూన్ 17న సైన్య నియామక పథకం అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా వచ్చిన కుర్రాళ్లు స్టేషన్‌లో రైలు బోగీలు తగలబెట్టారు. రైల్వే పోలీసుల కాల్పుల్లో వరంగల్ వైపు నుంచి వచ్చిన యువకుడొకడు చనిపోయాడు. రెండు రోజుల తర్వాత సైన్యం ఏం చెప్పింది? పథకం వెనక్కి తీసుకునేది లేదు, పైగా దరఖాస్తు చేసే ప్రతివాడూ తాను విధ్వంసంలో పాల్గొనలేదని హామీపత్రం ఇవ్వాలి, పోలీసులు దాన్ని సరిచూడాలి అంది. ఆ కుర్రాళ్లలో చాలామంది ఏళ్లకొద్దీ తెల్లవారుజామున లేచి గ్రౌండ్లో పరుగెత్తినవాళ్లు. వాళ్ల డిమాండులో న్యాయం ఉంది. నాలుగేళ్ల ఉద్యోగంతో ఇంటికి పంపడం అన్యాయమని దేశంలో చాలామంది అనుకుంటున్న సమయమది. ఒక్క పొద్దుతో ఆ చర్చ అంతా మంటల మీదికి మళ్లింది. కేసులు మెడకు చుట్టుకున్న పిల్లలు ఏ కొలువు కోసం పోరాడారో ఆ కొలువుకే పనికిరాకుండా పోయారు.

పాతబస్తీకి రాళ్ల లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు. 1990 డిసెంబర్ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. ముఖ్యమంత్రి చెన్నారెడ్డి కుర్చీ దిగారు. కుర్చీ దిగిన ముఖ్యమంత్రి ఎక్కడా పస్తులుండలేదు. పస్తులున్నది ఎవరో హాఫిజ్‌బాబానగర్ సందుల్లోకి వెళ్తే ఈరోజుకీ కనబడతారు. ఒకే గది ఇల్లు. గదిలో సగం మగ్గం చట్రమే ఆక్రమిస్తుంది. నాలుగు కర్రల మధ్య బిగించిన పట్టుచీర, దాని చుట్టూ నేల మీద కూర్చుని పూసలూ జరీ కుట్టే తల్లి, ఆమె పక్కన ఇద్దరు కూతుళ్లు. బట్ట ఎక్కడో పత్తర్‌గట్టీ షాపు నుంచి వస్తుంది, పని పూర్తయి తిరిగి షాపుకు చేరితేనే డబ్బు చేతిలో పడుతుంది. చార్మినార్ దగ్గర షట్టర్లు దిగితే ఈ గదిలో ఆ వారం జీతం లేదు. చౌరస్తాలో అడ్డా మీద నిలబడే మేస్త్రీకి, ఆటో అద్దెకు తీసుకుని నడిపేవాడికి, లాడ్‌బజార్‌కు గాజులు చేసి పంపే ఇంటికి కూడా ఇదే కథ. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో పాల కోసం పరుగెత్తింది వీళ్లు. రాయి విసిరినవాడు సందు మలుపులో మాయమవుతాడు. పోలీసులు ఇంటింటికీ తిరిగి పట్టుకుపోయేది దొరికినవాళ్లను.

ఇంకా వెనక్కి పోతే ఈ గుట్టకూ బార్కస్‌కూ సంబంధించిన మరో పాఠం ఉంది. ప్రజాపాలన కావాలన్నవాళ్లను కత్తితో అణచాలని చూసిన కాశిం రజ్వీ అనుచరులైన రజాకార్లు, ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో నరికి చంపారు. ఆయన చేసిన నేరం హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాయడం. నెల తిరగకముందే భారత సైన్యం వచ్చింది. రజాకార్ల కత్తికి లెక్క ఎవరు కట్టారు? ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా పల్లెల్లో ఏనాడూ కత్తి పట్టని ముస్లిం కుటుంబాలు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. నిజాం కొలువులోని అరబ్బులను నిర్బంధించారు, చాలామందిని దేశం దాటించారు. బార్కస్ పెద్దల ఇళ్లలో ఆ రోజుల కథలు ఇంకా మిగిలే ఉన్నాయి. రజ్వీని, ఈనాటి నిరసనకారులను ఒకే గాటన కట్టడం లేదు. ఆయన ప్రజాస్వామ్యానికి శత్రువు, వీళ్లు దానికోసం గొంతెత్తినవాళ్లు. కానీ వీరావేశపు బాకీని వీరులు కాక పొరుగువాళ్లే తీరుస్తారన్నది రెండుచోట్లా నిజం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పౌరసత్వ సవరణ చట్టం మీద శాంతియుతంగా చేసి ఏం సాధించారు?

2020 జనవరి 4న ధర్నాచౌక్‌లో మిలియన్ మార్చ్‌కు పోలీసులు ఇచ్చిన అనుమతి వెయ్యిమందికి. లక్ష దాటారని పత్రికలు రాశాయి. బురఖాల్లో చంటిపిల్లలను ఎత్తుకుని వచ్చిన తల్లులున్నారు, చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లున్నారు, అంబేడ్కర్ బొమ్మలు పట్టుకున్న విద్యార్థులున్నారు. జనవరి 10న మీరాలం ఈద్గా నుంచి శాస్త్రిపురం దాకా తిరంగా ర్యాలీ నడిచింది. ఈ గుట్ట చుట్టుపక్కల వాడల్లోంచి ఇంటిల్లిపాదీ కదిలిన రోజది. హైదరాబాదులో ఆ ఉద్యమంలో ఒక్క ప్రాణం పోలేదు. అదే చట్టం మీద, 2019 డిసెంబర్‌లో, ఉత్తరప్రదేశ్‌లో ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ తూటాలకు బాధ్యత అక్కడి పోలీసులదే, అందులో నాకు సందేహం లేదు. కానీ కాలిన వాహనాల ఫొటోలు చూపించి ఆ ప్రభుత్వం ఏం చేయగలిగిందో చూడండి. ఇళ్లకు నష్టపరిహారం నోటీసులు అంటించింది, ముఖాలతో లక్నో కూడళ్లలో హోర్డింగులు పెట్టింది. సుప్రీంకోర్టు మందలిస్తే 2022 ఫిబ్రవరిలో 274 నోటీసులు వెనక్కి తీసుకుంది. ఈలోగా నిద్రలేని రాత్రులు గడిపినవాళ్లు రిక్షా తొక్కేవాళ్లు, చిన్న వ్యాపారులు. హైదరాబాదులో అలాంటి సాకు ఎవరికీ దొరకలేదు.

సాధించింది లేదా? 2019 నవంబర్‌లో హోంమంత్రి దేశమంతటా జాతీయ పౌర పట్టిక (ఎన్నార్సీ) చేస్తామని రాజ్యసభలో చెప్పారు. దేశమంతా వీధుల్లోకి వచ్చాక, 2020 ఫిబ్రవరి 4న అదే మంత్రిత్వ శాఖ, దేశవ్యాప్త ఎన్నార్సీపై ఏ నిర్ణయమూ తీసుకోలేదని లోక్‌సభకు రాతపూర్వకంగా చెప్పుకోవాల్సి వచ్చింది. మార్చి 16న తెలంగాణ శాసనసభ ఆ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. చట్టం రద్దు కాలేదు. 2024 మార్చిలో నియమాలు కూడా వచ్చాయి. ఇది ఓటమే కదా అంటే, సగం ఓటమి. ఆ సగం ఎందుకు ఓడామో కూడా చెప్పుకోవాలి. రాళ్లు వేయకపోవడం వల్ల కాదు. ఊరేగింపు దగ్గరే ఆగిపోవడం వల్ల. దారుస్సలాంలో మజ్లిస్ వేదిక వేరు, పౌరసత్వ ఉద్యమ జేఏసీ వేదిక వేరు, విద్యార్థుల గుంపులు వేరు. ఉద్యమం హిందువులు ఎక్కువగా ఉండే గౌలిపురాకు, లాల్‌దర్వాజాకు, మూసీ అవతలి దళిత వాడలకు, కార్మిక సంఘాలకు వెళ్లలేదు. బర్త్ సర్టిఫికెట్ లేక ఇబ్బంది పడేవాళ్లు అన్ని కులాల్లోనూ మతాల్లోనూ ఉన్నారన్న మాట ఇంటింటికీ చేరలేదు. సకలజనుల సమ్మెలో ఉన్న 'సకలం' ఇక్కడ లేదు. లాక్‌డౌన్ వచ్చేసరికి నిలబెట్టే నిర్మాణమేదీ లేక అంతా ఆగిపోయింది. ఈ లోపాలకు మందు రాయి కాదు. రాయి వల్ల గౌలిపురా ఇంకా దూరమవుతుంది.

రైతులను చూడండి. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చున్నారు. మూడు వ్యవసాయ చట్టాలనూ వెనక్కి తీసుకుంటామని 2021 నవంబర్ 19న ప్రధాని స్వయంగా చెప్పారు. ఆ ఏడాదిలో ఉద్యమం కూలిపోయే అంచుకు వచ్చింది ఒక్కసారే, జనవరి 26న ఎర్రకోటలో గొడవ జరిగిన తర్వాత. రెండు రోజులకు గాజీపూర్ శిబిరాన్ని ఖాళీ చేయించడానికి బలగాలు దిగాయి. కెమెరాల ముందు రాకేశ్ టికాయత్ కన్నీళ్లు పెట్టుకుంటే, ఆ రాత్రికి రాత్రే పల్లెల నుంచి ట్రాక్టర్లు బయలుదేరాయి, ఉద్యమం నిలబడింది.

తెలంగాణ సాయుధ పోరాటం సంగతేమిటని అడిగేవాళ్లున్నారు. ఇది గట్టి ప్రశ్న, దీన్ని తప్పించుకోకూడదు. నిజాం రాజ్యంలో ఓటు లేదు, సభ పెట్టుకోవాలంటే అనుమతి కావాలి, దొర గడీయే కోర్టు. అన్ని తలుపులూ మూసిన చోట రైతు తుపాకీ పట్టుకున్నాడు, నేను వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ పోరాటాన్ని తుపాకీతో మొదలైనట్టు చెప్పడం అబద్ధం. ఆంధ్ర మహాసభ సంఘాలు ఏళ్ల తరబడి వెట్టికి, అక్రమ వసూళ్లకు వ్యతిరేకంగా ఊరూరా జనాన్ని కూడగట్టాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఊరేగింపులో. తుపాకీ ఆ తర్వాత వచ్చింది, అప్పటికే కూడిన జనాన్ని కాపాడుకోవడానికి వచ్చింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించిన కమ్యూనిస్టులు కొన్ని నెలలకే ఎన్నికల్లో నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. అజ్ఞాతంలో తిరిగిన మఖ్దూం మొహియుద్దీన్ శాసనమండలిలో కూర్చుని వాదించారు. ఆయుధం పట్టిన తరమే ఓటు దొరకగానే ఓటు పట్టుకుంది. ఓటు చేతిలో ఉన్న మనం వాళ్ల పేరు చెప్పుకుని రాయి పట్టుకుంటామా?

ఢాకా, కాఠ్‌మాండూల మెరుపుల గురించి కొంచెమే చెబుతాను. 2024లో బంగ్లాదేశ్ విద్యార్థి ఉద్యమం అణచివేతలో 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల విభాగం అంచనా వేసింది. లక్షలమంది రోడ్డెక్కితే చివరికి సైన్యం వాళ్ల మీద తుపాకీ ఎత్తలేదు, ప్రధాని హసీనా పారిపోయింది అందుకు. ఆమె వెళ్లిన గంటల్లోనే హిందువుల ఇళ్ల మీద, గుళ్ల మీద దాడులు మొదలయ్యాయి. మూక చేతికి వీధులు చిక్కితే ముందు తలుపు పగిలేది అల్పసంఖ్యాకుల ఇంటిదే. పాతబస్తీలో ఉండి ఢాకాను ఆదర్శంగా చూపేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది ఆలోచించాలి. 2025 సెప్టెంబర్‌లో కాఠ్‌మాండూలో పార్లమెంటుతో పాటు సుప్రీంకోర్టూ కాలింది. అందులో కాలిపోయిన కేసు ఫైళ్లు మంత్రులవి మాత్రమేనా? 1900 నుంచి 2006 దాకా ప్రపంచంలో జరిగిన 323 ఉద్యమాలను ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్ పరిశీలిస్తే, అహింసా ఉద్యమాల్లో 53 శాతం, హింసాయుత ఉద్యమాల్లో 26 శాతం గెలిచాయని తేలింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఊరేగింపుకు అమ్మమ్మ వస్తుంది, రాళ్ల యుద్ధానికి రాదు. సీఆర్‌పీఎఫ్ గ్రూప్ సెంటర్ పక్కనే ఉన్న గుట్ట మనది. వాళ్ల దగ్గర ఉన్నదానితో వాళ్ల మీద గెలవడం జరగని పని. వాళ్ల దగ్గర లేనిది మన దగ్గరున్నది ఒక్కటే, జనం.

ఇంకో చిక్కు ఉంది. రాళ్లను సహించే గుంపులో మొదటి రాయి ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. మఫ్టీలో వచ్చినవాడు వేసినా, ప్రత్యర్థి పార్టీ పంపినవాడు వేసినా, పేరు మాత్రం ఉద్యమానిదే. రాయి వేయకూడదని అందరికీ తెలిసిన గుంపులో అలాంటివాడు వెంటనే బయటపడతాడు.

ప్రభుత్వాలకూ ఒక మాట. 2017లో ఇందిరాపార్కు ధర్నాచౌక్‌ను మూసేశారు. హైకోర్టు కలగజేసుకుంటే తప్ప మళ్లీ తెరుచుకోలేదు. లక్షమంది వచ్చే సభకు వెయ్యిమంది అనుమతి ఇచ్చి, ఆ తర్వాత షరతులు మీరారని కేసులు పెడితే, శాంతి మీద నమ్మకం ఉన్నవాడి నమ్మకాన్ని కూడా మీరే చంపుతున్నారు. పాతబస్తీ సభలకు అడిగిన చోట, అడిగిన రోజున అనుమతి ఇవ్వండి.

పిలుపు మళ్లీ వస్తుంది. ఓటరు జాబితాలో పేరు తీసేశారనో, మరో కాగితం చూపించమన్నారనో వస్తుంది. ఆ రోజు చాంద్రాయణగుట్ట చౌరస్తాకు రండి, ఒంటరిగా కాదు, అమ్మనూ చెల్లెలినీ వెంటబెట్టుకుని రండి. రావడానికి ముందే గౌలిపురాలో, ఉప్పుగూడలో మీకు తెలిసిన నాలుగు తలుపులు తట్టి, వాళ్లను కూడా రమ్మనండి. అవసరమైతే దుకాణం మూయండి, పని ఆపండి, అరెస్టవ్వండి, మర్నాడు మళ్లీ రండి. పక్కవాడి చెయ్యి రాయి కోసం వంగితే, ఆ చెయ్యి గట్టిగా పట్టుకోండి.